పాత చిన్న మోటారు బోటును బాగుచేసుకుని తిరగడం: తరచుగా అడిగే ప్రశ్నలు

జార్జియాలో కమ్మింగ్, ఆల్ఫరెట్టా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకి లేక్ లేనియర్ పెరట్లో చెరువులాంటిది. అయినా మనలో చాలామంది ఒడ్డున బార్బెక్యూ పెట్టుకుని, ఫొటోలు దిగి తిరిగొచ్చేస్తాం. నేనూ అంతే. 2019లో మాత్రం 1974 నాటి 13 అడుగుల బోటు ఒకటి కొని గరాజ్‌లో పెట్టాను. అప్పట్నుంచి ఎవరింట్లో భోజనానికి వెళ్లినా ఇవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నా. నేను మెకానిక్‌ని కాదు, డేటాబేస్‌లు చూసుకునే ఉద్యోగిని. నా చేతికి తగిలిన దెబ్బల్లోంచి తెలిసినవే ఇవన్నీ.

కొత్తది కొనుక్కోకుండా ఈ పాత గొడవ ఎందుకు?

డబ్బు కోసమే అంటే అబద్ధం అవుతుంది. కొత్త బోటుని అప్పు చేసి కొన్నవాళ్లని చూశాను. నెలనెలా వాయిదా కడుతున్నాం కాబట్టి ప్రతి శనివారం వెళ్లి తీరాలని వాళ్లకో టెన్షన్. చిన్న పాత బోటుకి ఆ బాధ లేదు. గరాజ్‌లో ఒక కారు జాగా చాలు, ఇంట్లో ఉన్న ఎస్‌యూవీ లాగేస్తుంది, మెరీనాలో అద్దె కట్టక్కర్లేదు.

ఇంకొకటి ఉంది. మాది కోనసీమలో లంక ఊరు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం వెళ్లినప్పుడల్లా ఇంజిన్ చప్పుడు దగ్గరే నిలబడేవాణ్ణి. పంటు నడిపే సరంగు నన్ను తోలేసేవాడు, మళ్లీ వెళ్లేవాణ్ణి. అది నలభై ఏళ్ల తర్వాత ఇలా బయటికొచ్చింది.

మీది ఏ బోటు? దాని గురించి ఎందుకంత గొప్పగా చెబుతారు?

బోస్టన్ వేలర్ 13. మసాచుసెట్స్‌లో డిక్ ఫిషర్ అనే ఆయన, రే హంట్ అనే డిజైనర్‌తో కలిసి తయారుచేసిన బోటు. 1958లో అమ్మకానికి వచ్చింది. రెండు ఫైబర్‌గ్లాస్ పొరలు, మధ్య ఖాళీలో పోసిన ఫోమ్. పోసిన ఫోమ్ పొంగి రెండు పొరల్నీ పట్టుకుని గట్టిపడుతుంది. లోపల గాలి గదులేమీ ఉండవు, అంతా ఫోమే. అందుకే మునగదు. 1961లో లైఫ్ పత్రికలో ఫిషర్ ఫొటోలు వచ్చాయి: ఆయన బోటులో కూర్చుని ఉండగానే దాన్ని రంపంతో అడ్డంగా రెండు ముక్కలు చేశారు. ఆయన వెనక ముక్కని నడుపుకుంటూ వెళ్లిపోయాడు. ఇంతకంటే మంచి ప్రకటన నేను చూడలేదు.

గొప్పలే కాదు, లోపం కూడా చెప్పాలి. అడుగు కాస్త చదునుగా ఉంటుంది కాబట్టి నిలబడి చేపలు పట్టినా ఒరగదు. అదే కారణంగా అలల మీద దబదబా కొట్టుకుంటుంది. ఒక శనివారం మధ్యాహ్నం లేనియర్ మీద ఐదు మైళ్లు వెళ్లొస్తే సోమవారం దాకా నడుము ఆ సంగతి గుర్తుచేస్తూనే ఉంటుంది.

మీరు ఇదే కొనాలని లేదు. అల్యూమినియం బోట్లు ఇంకా చవక, ఇంకా తేలిక, పుచ్చేది తక్కువ. కింద రాసిన వాటిలో ఎక్కువ భాగం దేనికైనా పనికొస్తుంది.

మునగదన్నారు కదా, ఇక భయమేంటి?

మునగదు గానీ నీళ్లు తాగుతుంది. ఇలాంటి బోటు కొనేవాళ్లు ముందు పట్టించుకోవాల్సింది దీన్నే.

యాభై ఏళ్లలో ఐదారుగురు యజమానులు మారి ఉంటారు. ఒక్కొక్కరూ చేపల గాలాల గొట్టాలనీ, కప్ పెట్టే రింగులనీ, లైట్లనీ నాలుగేసి స్క్రూలు దిగేస్తారు. తర్వాత పీకేసి ఆ బెజ్జాల్ని అలాగే వదిలేస్తారు, లేదా పైపైన సిలికాన్ పూస్తారు. ఆ బెజ్జాల్లోంచి వాన నీళ్లు ఏళ్ల తరబడి ఫోమ్‌లోకి దిగుతాయి. ఒకసారి దిగితే బయటికి రావడం మహా కష్టం. నా బోటులో లెక్కపెడితే 61 బెజ్జాలు తేలాయి. పైన రంగు మెరుస్తూనే ఉంది.

తడిసిందో లేదో తెలుసుకోవాలంటే తూకం వేయించడమే మంచి దారి. ఇలాంటి 13 అడుగుల బోటు ఖాళీ బాడీ 300 పౌండ్లకి కాస్త పైన ఉండాలి. బోటుని ట్రైలర్‌తో కలిపి లారీలు తూచే కాటా మీద ఒకసారి, బోటు దించాక ట్రైలర్ ఒక్కదాన్ని ఇంకోసారి తూచండి. ఇంజిన్, ట్యాంకు, బ్యాటరీ బరువులు తీసేసి చూస్తే లెక్క తేలిపోతుంది. వంద రెండు వందల పౌండ్లు ఎక్కువ తూగితే ఆ బోటుకి దణ్ణం పెట్టి వచ్చేయండి. అమ్మేవాడు తూకానికి ఒప్పుకోకపోతే కూడా అంతే.

కొనే ముందు ఇంకేం చూడాలి?

ఇంజిన్ బిగించే వెనక పలక. దాన్ని ట్రాన్సమ్ అంటారు. చాలా పాత బోట్లలో దాని లోపల ప్లైవుడ్ ఉంటుంది. ప్లాస్టిక్ సుత్తితో పలకంతా తట్టుకుంటూ రండి. టకటక అని గట్టిగా మోగితే మంచిది. మధ్యలో ఎక్కడైనా దబ్‌మని బొంగురు మోత వస్తే లోపల చెక్క పుచ్చినట్టు. ఇంజిన్‌ని చేత్తో పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. పలక దానితోపాటు వంగుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

తర్వాత అడుగు భాగం. కొత్తగా రంగు వేసిన బోటుని నేను ఎక్కువ అనుమానిస్తాను. కొబ్బరి పీచుకి రంగేసి తాడని అమ్మినట్టు, ఆ రంగు కింద ఏముందో తెలీదు. ఎండకి వెలిసి, గీతలు పడి, ఉన్నదున్నట్టు కనిపించే బోటే నయం.

కాగితాల సంగతి?

జార్జియాలో బోటుకి కారులాగా టైటిల్ ఉండదు, రిజిస్ట్రేషన్ మాత్రమే. అందువల్ల అమ్మకపు రసీదు బాగా రాయించుకోవాలి: ఇద్దరి పేర్లు, సంతకాలు, తేదీ, ధర, బోటు నంబరు, ఇంజిన్ నంబరు, ట్రైలర్ వివరాలు. 1972 నవంబరు తర్వాత తయారైన బోట్లకి వెనక పలక కుడి వైపు 12 అక్షరాల హల్ (బోటు బాడీ) నంబరు ఉంటుంది. అది రసీదులోని నంబరుతో సరిపోవాలి. గీకేసినట్టుంటే కొనకండి. రిజిస్ట్రేషన్ నంబరుని ముందు భాగంలో రెండు పక్కలా కనీసం 3 అంగుళాల అక్షరాలతో అంటించాలి. పక్క రాష్ట్రాల్లో కొంటే పద్ధతి వేరు, టైటిల్ అడిగే రాష్ట్రాలూ ఉన్నాయి.

మొత్తం ఎంత అవుతుంది?

నాకు బోటు, తుప్పు ట్రైలర్, ఆగిపోయిన ఇంజిన్ కలిపి 1,800 డాలర్లు. దాని మీద ఇంకో 2,600 పెట్టాను. అందులో ఎక్కువ భాగం పోయింది ట్రైలర్‌కీ ఇంజిన్‌కీనే, బోటుకి కాదు. పనిముట్ల ఖర్చు ఇందులో కలపలేదు. ఆ లెక్క ఇంట్లో కూడా చెప్పలేదు.

పని ఎక్కడ మొదలుపెట్టాలి?

రంగుతో మాత్రం మొదలుపెట్టొద్దు. అందరూ చేసే తప్పు అదే. రంగు వేస్తే పని జరుగుతున్నట్టు కనిపిస్తుంది, ఫొటో పెడితే లైకులు వస్తాయి. తీరా వెనక పలక పుచ్చిందని తెలిశాక ఆ రంగంతా మళ్లీ రుద్దాలి.

ముందు బోటు బాడీ గట్టిగా ఉందో లేదో చూసి బెజ్జాలు పూడ్చండి. తర్వాత ట్రైలర్, ఆ తర్వాత ఇంజిన్, లైఫ్ జాకెట్లూ అవీ. ఇంత అవగానే నీళ్లలోకి దిగండి. రంగు, వార్నిష్, మెత్తటి సీట్లు అన్నీ ఆ తర్వాతే. నేను మొదటి ఏడాదంతా మచ్చల బోటులోనే తిరిగాను. తిరిగితేనే ఎక్కడ కూర్చుంటామో, లంగరు ఎక్కడ పెడతామో, ఏది అడ్డం వస్తుందో తెలుస్తుంది. గరాజ్‌లో కూర్చుని వేసుకున్న ప్లాన్లు సగం నీళ్లలో పనికిరాలేదు. రెండు మూడేళ్లు అన్నీ పూర్తయ్యాకే దించుదామని కూర్చున్నవాళ్లు చివరికి సగం పనితోనే అమ్మేసుకుంటున్నారు. నేను కొన్న బోటు కూడా అలా నా దగ్గరికి వచ్చిందే.

స్క్రూ బెజ్జాలు ఎలా పూడ్చాలి?

చూడటానికి చిన్న పనే, అయినా మీ బోటు ఇంకో ఇరవై ఏళ్లు ఉంటుందా లేదా అన్నది దీని మీదే ఉంటుంది. కాబట్టి ఓపిగ్గా చేయండి.

పాత సిలికాన్ మొత్తం గీకేయాలి. కొంచెం మిగిలినా ఏదీ అంటుకోదు. బెజ్జాన్ని కాస్త పెద్ద బిట్‌తో మళ్లీ తొలిచి, అంచుని గరాటు ఆకారంలో ఏటవాలు చేయండి. లోపల తడి ఉంటే ఎండలో, ఫ్యాను పెట్టి, రోజుల తరబడి ఆరనివ్వండి. ఆరాక, ముందు పల్చటి ఎపాక్సీని (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పుల్లతో లోపలి గోడలకి పూయాలి. అది జిగురుగా ఉండగానే, పొడి కలిపి వేరుశనగ ముద్దలా చిక్కగా చేసిన ఎపాక్సీని సిరంజితో అడుగు నుంచి పైకి నింపాలి. పైనుంచి నింపితే లోపల గాలి బుడగ ఉండిపోతుంది.

మళ్లీ అక్కడ స్క్రూ కావాలంటే, గట్టిపడిన ఎపాక్సీ మధ్యలో చిన్న బెజ్జం వేసుకోండి. చుట్టూ ఎపాక్సీ గోడ ఉంటుంది కాబట్టి నీళ్లు ఫోమ్ దాకా పోవు. కొత్త చోట స్క్రూ దిగేసే ముందు ఇంకో మాట: ఫోమ్ స్క్రూని పట్టుకోదు. ఈ రకం బోట్లలో అక్కడక్కడా లోపల చెక్కలు పాతి ఉంటాయి, స్క్రూలు అక్కడే దిగాలి. ఆ చెక్కలు ఎక్కడున్నాయో చూపే పటాలు దొరుకుతాయి. సుత్తితో తట్టినా చెక్క ఉన్న చోట మోత మారుతుంది.

ఎపాక్సీయా, పాలియెస్టర్ రెజినా?

పలక, బెజ్జాలు లాంటి బలం కావాల్సిన చోట ఎపాక్సీ. ఫైబర్‌గ్లాస్ మీద ఉండే మెరిసే పై పూత, అంటే జెల్‌కోట్, మళ్లీ వేయాలనుకునే చోట పాలియెస్టర్. మామూలు జెల్‌కోట్ పాలియెస్టర్ జాతిదే. అది ఎపాక్సీ మీద సరిగ్గా అతకదు. ఎపాక్సీ వేసిన చోట పెయింట్ వేసుకోవడమే సుఖం.

ఏది వాడినా, ఫైబర్‌గ్లాస్ రుద్దేటప్పుడు గుడ్డ కట్టుకుంటే సరిపోదు. పీ100 ఫిల్టర్లున్న మాస్క్, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా కావాలి. నేను మొదటి రోజు చొక్కా లేకుండా రుద్దాను. దూలగొండి రాసుకున్నట్టు మూడు రాత్రులు గోక్కున్నాను.

వెనక పలక పుచ్చి ఉంటే?

బోటు ఉచితంగా వస్తే తప్ప మొదటి బోటుకి ఆ పని పెట్టుకోకండి. లోపలి పొర కోసి, పుచ్చు చెక్కంతా తవ్వి, కొత్త మెరైన్ ప్లైవుడ్ రెండు మూడు పొరలు ఎపాక్సీతో అతికించి, మళ్లీ ఫైబర్‌గ్లాస్ వేయాలి. చేయలేనిదేం కాదు, నాలుగైదు వారాంతాల పని. కానీ అక్కడ తప్పు చేస్తే నీళ్ల మధ్యలో ఇంజిన్ ఊడిపోవచ్చు.

పాత టూ స్ట్రోక్ ఇంజిన్ ఉంచాలా, కొత్తది పెట్టాలా?

ముందు కంప్రెషన్, అంటే సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి, చూడండి. ఆటో పార్ట్స్ షాపులో గేజ్ దొరుకుతుంది, కొన్ని చోట్ల అరువు కూడా ఇస్తారు. స్పార్క్ ప్లగ్‌లు తీసి, ఒక్కో సిలిండర్‌కి గేజ్ పెట్టి ఇంజిన్ తిప్పండి. అంకె ఎంత వచ్చిందన్నదాని కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. పది శాతం లోపు తేడా ఉంటే ఆ ఇంజిన్‌లో ప్రాణం ఉన్నట్టే. ఒకటి 110, ఇంకోటి 70 చూపిస్తే ఖర్చు పెట్టకండి.

ఎవిన్‌రూడ్, జాన్సన్ టూ స్ట్రోక్‌లు ఈ సరస్సుల మీద వేలకొద్దీ తిరిగాయి. వాటిని తయారుచేసిన ఓఎంసీ 2000 చివర్లో దివాలా తీసింది, ఎవిన్‌రూడ్ పేరుతో ఇంజిన్ల తయారీ 2020లో ఆగిపోయింది. అయినా కార్బ్యురేటర్ కిట్లూ, ఇంపెల్లర్లూ, కాయిల్స్ లాంటి మామూలు పార్టులు ఇంకా దొరుకుతున్నాయి.

కొత్త ఫోర్ స్ట్రోక్ నిశ్శబ్దంగా ఉంటుంది, పొగ రాదు, పెట్రోలు తక్కువ తాగుతుంది. కాకపోతే 40 హార్స్ పవర్ ఫోర్ స్ట్రోక్ 200 పౌండ్లు దాటుతుంది. పాత చిన్న బోటు వెనక అంత బరువు వేలాడదీస్తే ముందు భాగం ఆకాశం చూస్తుంది. 25 హార్స్ పవర్‌లో తేలికైనవి వచ్చాయి, ఇద్దరు ముగ్గురు తిరగడానికి చాలు. బోటు లోపలి పక్క ఒక రేకు మీద గరిష్ఠ హార్స్ పవర్, మనుషుల బరువు రాసి ఉంటాయి, వాటిని దాటొద్దు. షాఫ్ట్ పొడవు కూడా కొలవండి. పలక ఎత్తు 15 అంగుళాలైతే పొట్టిది, 20 అయితే పొడుగుది. ఇది చూసుకోకుండా ఇంజిన్ కొని మళ్లీ అమ్ముకున్నవాణ్ణి నేనే.

ఏళ్ల తరబడి ఆగిపోయి ఉన్న ఇంజిన్‌ని ఎలా లేపాలి?

తాడు లాగేయకండి. ముందు ప్లగ్‌లు తీసి, సిలిండర్లలో కొంచెం ఫాగింగ్ ఆయిల్ (తుప్పు పట్టకుండా స్ప్రే చేసే నూనె) కొట్టి, ఒక రాత్రి వదిలేసి, తర్వాత ఫ్లైవీల్‌ని చేత్తో మెల్లగా తిప్పండి. తిరిగితే సగం గండం గడిచినట్టే.

కింది గేర్ బాక్స్ ఆయిల్ దించి చూడండి. నల్లగా ఉంటే పాతబడింది, అంతే. పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు కలిశాయి, సీళ్లు మార్చాలి. కార్బ్యురేటర్ విప్పి కడిగి కొత్త గాస్కెట్లు వేయండి. పెట్రోలు పైపులన్నీ మార్చేయండి, బాగున్నట్టు కనిపించినా సరే. ఇప్పటి పెట్రోలులో పది శాతం ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరుని లోపల్నుంచి తినేస్తుంది. ఆ ముక్కలు కార్బ్యురేటర్‌లో ఇరుక్కుంటాయి. నా ఇంజిన్ నెల రోజులు ఏడిపించింది. మెకానిక్ ఒకాయన కాయిల్స్ మార్చాలన్నాడు, మార్చాను, బాగవలేదు. చివరికి చూస్తే పన్నెండు డాలర్ల పైపు.

నీళ్లు లేకుండా అర నిమిషం కూడా నడపొద్దు. నీళ్ల గొట్టం తగిలించి, ఇంజిన్ నీళ్లు పీల్చే చోట బిగించే రబ్బరు చెవులు దొరుకుతాయి, లేదా పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు పోసి కింది భాగం ముంచండి.

ఇంజిన్ పక్కనుంచి సన్నటి నీటి ధార రావడం లేదు. పర్లేదా?

పర్లేదు కాదు, వెంటనే ఆపండి. ఆ ధార వస్తోందంటే నీళ్లు లోపలికెళ్లి ఇంజిన్‌ని చల్లబరుస్తున్నట్టు. ముందు ఆ చిన్న రంధ్రంలో తీగ పెట్టి చూడండి, కందిరీగలు మట్టి గూళ్లు పెడుతుంటాయి. అది కాకపోతే ఇంపెల్లర్ పోయి ఉంటుంది. రబ్బరు రెక్కల చక్రం అది. పాత ఇంజిన్ కొంటే అడక్కుండా మార్చేయండి, తర్వాత రెండేళ్లకోసారి.

పెట్రోలులో ఆయిల్ ఎంత కలపాలి?

1960ల చివరి నుంచి వచ్చిన చాలా టూ స్ట్రోక్ ఔట్‌బోర్డులకి (బోటు వెనక తగిలించే ఇంజిన్లకి) 50:1. అంటే 6 గ్యాలన్ల ట్యాంకుకి ఒక పింట్, 16 ఔన్సులు. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి, మోటార్ సైకిల్ ఆయిల్ కాదు. ఇంకా పాతవాటికి ఎక్కువ ఆయిల్ కావాలి, ఆ మోడల్ మాన్యువల్ చూడండి. ఇథనాల్ లేని పెట్రోలు దొరికితే అదే పోయండి. కాస్త ఖరీదు ఎక్కువైనా నెలల తరబడి పాడవదు.

చెక్క సీట్లు నల్లబడ్డాయి. మార్చేయాలా?

మహోగనీ అయితే మార్చొద్దు. ఆ నలుపు సాధారణంగా పైపైనే ఉంటుంది. ఆక్సాలిక్ ఆమ్లంతో కడిగితే చాలా వరకు పోతుంది. గరుకు కాగితం 80 నుంచి మొదలుపెట్టి 220 దాకా, చెక్క పోగు దారినే రుద్దండి. తర్వాత ఎండని తట్టుకునే స్పార్ వార్నిష్. మొదటి కోటు బాగా పల్చగా, తర్వాత మధ్య మధ్య రుద్దుకుంటూ ఆరేడు కోట్లు. రోజుకొకటి చొప్పున వారం. పిల్లల్ని ఈ పనిలో పెట్టండి. మా అమ్మాయి నా కంటే సమంగా వేసింది.

రంగు?

ముందు పాత జెల్‌కోట్‌ని కాంపౌండ్ పెట్టి పాలిష్ చేసి చూడండి. వెలిసిన తెలుపు చాలాసార్లు తిరిగొస్తుంది. అప్పుడు రంగే అక్కర్లేదు. వేయాలనుకుంటే ఇంట్లో వేసుకోడానికి ఒకే డబ్బాలో వచ్చే మెరైన్ పాలీయురేథేన్ చాలు. ఒకరు చిన్న రోలరుతో పూస్తుంటే ఇంకొకరు వెంటనే మెత్తటి బ్రష్‌తో పైపైన నిమరాలి. రెండు డబ్బాలు కలిపే రకంలో ఐసోసయనేట్లు ఉంటాయి. దాన్ని గరాజ్‌లో స్ప్రే చేయడం ఊపిరితిత్తులతో ఆడుకోవడమే.

ట్రైలర్ గురించి ఎవరూ మాట్లాడరేం?

ఎందుకంటే అది ఫొటోలో పడదు. నాకు జరిగిన ఒకే ఒక పెద్ద ప్రమాదం నీళ్లలో కాదు, హైవే 400 మీద. చక్రం బేరింగ్ మాడి పొగలొచ్చింది. నీళ్లలో ముంచే చక్రాలకి ఏడాదికోసారి బేరింగులు విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టాలి. టైరు మీద నాలుగంకెల తయారీ తేదీ ఉంటుంది: 2318 అంటే 2018లో 23వ వారం. ఆరేడేళ్లు దాటితే గాడి ఎంత ఉన్నా మార్చేయండి. బయల్దేరిన పది నిమిషాలకి ఎక్కడైనా ఆపి చక్రం మధ్య భాగం దగ్గర చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే మంచిది, చెయ్యి కాలితే వెనక్కి తిరగండి.

బోటుని నీళ్లలోకి దించే ర్యాంప్ దగ్గర అందరూ చూస్తుంటే భయంగా ఉంది.

అందరికీ ఉంటుంది. ఖాళీ పార్కింగ్‌లో ఒక ఆదివారం ట్రైలర్‌ని వెనక్కి నడపడం నేర్చుకోండి. స్టీరింగ్ అడుగున చెయ్యి పెట్టి పట్టుకోండి, చెయ్యి ఎటు కదిపితే ట్రైలర్ అటు వెళ్తుంది. సామాన్లు సర్దడం, పట్టీలు విప్పడం, బోటులో నీళ్లు బయటికి పోయే బెజ్జానికి బిరడా బిగించడం ర్యాంప్ మీదికి రాకముందే అయిపోవాలి. అందరికీ కోపం తెప్పించేది వంకరగా దింపేవాడు కాదు, ర్యాంప్ మధ్యలో ఆపి కూలర్ నింపుకునేవాడు.

బిరడా మర్చిపోని బోటువాడు లేడు. నేను బండి తాళంచెవికే కట్టేశాను.

చట్టం ఏమంటుంది?

ప్రతి మనిషికీ కొలతకి తగ్గ లైఫ్ జాకెట్ ఉండాలి. జార్జియాలో 13 ఏళ్లలోపు పిల్లలు బోటు కదులుతున్నంతసేపూ వేసుకునే ఉండాలి. 1998 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు మోటారు బోటు నడపాలంటే కోర్సు పూర్తి చేయాలి. మనలాంటి పెద్దవాళ్లకి తప్పనిసరి కాదు, అయినా చేయండి. ఆన్‌లైన్‌లో ఒక పూట పని. తాగి నడిపితే కారుకి ఉన్న 0.08 హద్దే ఇక్కడా. 2012లో ఇదే లేనియర్ మీద రెండు ప్రమాదాల్లో ముగ్గురు పిల్లలు పోయారు, ఆ తర్వాతే 2013లో ఈ నిబంధనలు గట్టిపడ్డాయి. డాక్‌కి గానీ, ఆగి ఉన్న బోటుకి గానీ, ఈతగాళ్లకి గానీ వంద అడుగుల లోపు ఉంటే ఇంజిన్ ఐడిల్ వేగమే. ఇంజిన్‌కి కిల్ స్విచ్ (నడిపేవాడు పడిపోతే ఇంజిన్ ఆపేసే మీట) ఉంటే, 2021 ఏప్రిల్ నుంచి దాని తాడు ఒంటికి తగిలించుకోవడం దేశమంతటా చట్టం. విజిల్ ఒకటి ఉండాలి. చట్టం అడగకపోయినా చిన్న మంటలార్పే సిలిండర్, రెండు తెడ్లు పెట్టుకోండి.

నాకు ఈత రాదు. రావొచ్చా?

జాకెట్ వేసుకుంటే రండి, లేకపోతే వద్దు. ఈ మాట మీద నాకు స్నేహాలు కూడా చెడ్డాయి. అమెరికా కోస్ట్ గార్డ్ ఏటా ఇచ్చే లెక్కల్లో బోటు ప్రమాదాల్లో మునిగి చనిపోయినవాళ్లలో పదికి ఎనిమిది మందికి పైగా జాకెట్ వేసుకోనివాళ్లే. లేనియర్‌లో దయ్యాలున్నాయనీ, కింద మునిగిపోయిన ఊళ్లు లాగేస్తాయనీ వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. దయ్యాలేమీ లేవు. ఒడ్డు దగ్గర కూడా నేల ఒక్కసారిగా లోతుకి జారిపోతుంది, ఏప్రిల్‌లో పైన ఎండ కాస్తున్నా నీళ్లు చల్లగా ఉంటాయి. మన పిల్లలు ఫొటో కోసం దూకి పోయిన వార్తలు చాలు.

లేనియర్ మీదికి ఎప్పుడు వెళ్లాలి?

చిన్న బోటుకి వేసవి శనివారం మధ్యాహ్నం పనికిరాదు. పెద్ద పెద్ద బోట్లు లేపే అలలు అన్ని వైపుల నుంచీ వచ్చి మధ్యలో కలుస్తాయి. మామూలు రోజుల్లో పొద్దున్నే ఆరింటికి వెళ్లండి. నీళ్ల మీద మంచు పొగలా లేస్తుంటుంది, ఫ్లాస్కులో కాఫీ, తొమ్మిదిన్నరకి ఇంట్లో మీటింగుకి కూర్చోవచ్చు. అక్టోబరు ఇంకా బాగుంటుంది.

1956లో చటాహూచీ నది మీద బ్యుఫర్డ్ డ్యామ్ కట్టాక ఏర్పడిన సరస్సు ఇది, దాదాపు 38,000 ఎకరాలు. నిండు మట్టం సముద్ర మట్టానికి 1,071 అడుగులు. వెళ్లే ముందు ఆ రోజు మట్టం చూసుకోండి. 2007 కరువులో 20 అడుగులు పడిపోయింది. నాలుగైదు అడుగులు తగ్గినా మొన్నటిదాకా మునిగి ఉన్న మొద్దులూ గుట్టలూ ప్రొపెల్లర్‌కి అందేంత పైకి వస్తాయి.

తిండి విషయానికొస్తే పులిహోరని మించింది లేదు. పసుపు జెల్‌కోట్ మీద పడితే కంగారు పడకండి, నాలుగు రోజుల ఎండకి మరక దానంతటదే పోతుంది.

కొత్త బండికి చేసినట్టు పూజ చేయొచ్చా?

మా ఇంట్లో చేశాం. నిమ్మకాయలు ట్రైలర్ చక్రాల కింద, బొట్టు ఇంజిన్ మూత మీద. కొబ్బరికాయ మాత్రం రాయి మీద కొట్టండి, బోటు అంచు మీద కాదు. ఒకాయన అలా కొట్టి జెల్‌కోట్ పగలగొట్టుకుని నాకు ఫోన్ చేశాడు. పూలూ, కొబ్బరి చిప్పలూ సరస్సులో వదలొద్దు, ఇంటికి తెచ్చి మొక్కల్లో వేయండి.

చలికాలంలో?

పెట్రోలులో స్టెబిలైజర్ కలిపి పది నిమిషాలు నడపండి, తర్వాత ఫాగింగ్ ఆయిల్. గేర్ ఆయిల్ మార్చండి, అందులో నీళ్లుంటే గడ్డకట్టి గేర్ బాక్స్ పగిలిపోతుంది. ఇంజిన్‌ని నిటారుగా దించి ఉంచితే నీళ్లన్నీ కారిపోతాయి. బోటు ముందు భాగం కాస్త ఎత్తుగా పెట్టి, బిరడా తీసేసి, పైన గుడ్డ కప్పండి.

ఇదే పని మన గోదావరి మీద చేయొచ్చా?

మా తమ్ముడు అడిగాడు. బోటు బాగుచేయడం అక్కడే సులువు, ఫైబర్ పని తెలిసినవాళ్లు తీరం వెంట ఉన్నారు. కానీ దేశమంతటికీ 2021లో వచ్చిన ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం ప్రకారం నదుల్లో మోటారుతో నడిచేవాటికి రిజిస్ట్రేషన్, సర్వే ఉంటాయి. సరదాకే కదా అని వదిలేయకండి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదాన్ని గోదావరి జిల్లాలవాళ్లం ఎవరం మర్చిపోలేదు. వరద రోజుల్లో ఎర్రనీళ్లు వస్తుంటే రేవులోకే దిగొద్దని వాడికి చెప్పాను. ఆ మాట చిన్నప్పుడు మా ఇద్దరికీ సరంగు చెప్పిందే.

మీ బోటు అమ్ముతారా?

ఇది నెలకోసారి ఎవరో ఒకరు అడుగుతారు. 61 బెజ్జాలు నా చేత్తో పూడ్చాక ఎలా అమ్ముతాను? పొద్దున్న ఆరింటికి రాగలిగితే మాత్రం ఒక సీటు ఖాళీగానే ఉంటుంది. జాకెట్ నేనే ఇస్తాను, కాఫీ మీరు తెచ్చుకోండి.